వేపుడు వాసన దుప్పట్లు

బండ్ల షెడ్డు నుంచి,
సోమవారం పొద్దున్న

మరదలు పిల్లకు,

దీవెనలు ఉత్తరం చివర పెడతాను. ముందు తిట్లు తిను.

నీ ట్యాంకర్ బాబాయ్ మా డ్రమ్ముల్లో నూనె దించేలోగా ఇది రాసి ఆయన చేతిలో పెట్టాలి. ఫోన్ ఎందుకు చేయలేదంటావా? ఫోన్లో నువ్వు నా మాట ఒక్కటీ పూర్తి కానివ్వవు. కాగితం మీద అడ్డు తగలడం నీ తరం కాదు కదా, అందుకని.

వాడేసిన వంటనూనెతో బయోడీజిల్ చేస్తున్నాను వదినా, పోసి చూడు, నీ బండ్లు పరుగో పరుగు అన్నావు. "మా దుప్పట్లు మోసే బండ్లు నల్లపొగ వదలకూడదు" అని పెద్ద హోటలువాళ్ళు షరతు పెట్టేసరికి, మా ఓనరుగారి ముందు నిలబడి "మా మరదలి నూనె ఉందండీ, పూచీ నాది" అన్నదాన్ని నేను. సరే, సగం బండ్లకు అది, సగం బండ్లకు మామూలు డీజిలు పోసి చూద్దామన్నారాయన. చూశారు. మొదటి వారమే నీ నూనె తాగిన బండ్లు ఒకదాని వెనక ఒకటి నడిరోడ్డు మీద చతికిలబడ్డాయి. ఫిల్టర్లు విప్పితే లోపల నల్లటి జిడ్డు. డ్రైవర్లు నా వంక చూసిన చూపు నీ వంక చూసి ఉంటే తెలిసేది నీకు. సంగతేంటో వెంటనే రాయి.

ఇక రెండో గోల మీ అన్నయ్యది. ఒకే లాండ్రీలో ఆయనకు ఉతుకు హాలు, నాకు బండ్ల షెడ్డు అప్పజెప్పిన మహానుభావుడెవరో గానీ మా కాపురంతో ఆడుకున్నాడు. ఇక్కడ ఉతికిన తెల్ల దుప్పట్లు హోటలుకు చేరేసరికి బూడిదరంగు తిరుగుతున్నాయని ఏళ్ళుగా ఉన్న ఫిర్యాదే కదా. ఇంట్లో రోజూ ఇదే పాట. "నా దగ్గర్నుంచి మల్లెపువ్వుల్లా వెళ్తున్నాయి, పాడుచేసేవి నీ బండ్లే" అని ఆయన. "ఉతకడం చేతకాక బండ్ల మీద పడి ఏడవకండి" అని నేను. కంచం ముందు కూర్చున్నది మొదలు మంచం మీద వాలేదాకా అదే. మొన్న మీటింగులో ఓనరుగారు అందరి ముందు అడిగితే నేనేం మొహమాటపడలేదు. "బండ్లలో ఏ లోపమూ లేదండీ, ఉతుకే సరిగ్గా లేదు" అని కుండబద్దలు కొట్టాను. మీ అన్నయ్య నోరు మెదపలేదు. చెప్పడానికి ఏమైనా ఉంటే కదా! ఆ మధ్య ఓనరుగారు నీళ్ళు కూడా పరీక్షకు పంపారు, ఆ సలహా ఎవరిచ్చారో ఏమో. నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయట.

కానీ ఒక మాట. హోటలువాళ్ళు నెలాఖరుదాకా గడువిచ్చారు. అప్పటికీ తెలుపు రాకపోతే మీ అన్నయ్యను హాల్లోంచి తీసి గోడౌన్లో దిండు గలీబులు లెక్కపెట్టే పనిలో వేస్తానని ఓనరుగారు చెప్పేశారు. జీతం తగ్గదు. కానీ మీ అన్నయ్య సంగతి నీకు తెలుసు. ఆవిరి పట్టిన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, దుప్పటి అంచు పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసే మనిషి. ఆయన్ని గలీబుల గుట్టల మధ్య కూర్చోబెడితే నేను చూడలేను. మా పోట్లాట వేరు, ఇది వేరు.

దీవెనలు.
వదిన


నూనె షెడ్డు నుంచి,
శుక్రవారం

బండ్ల మహారాణి వదినగారికి మరదలి దండాలు.

తిట్లు అందాయి. ట్యాంకర్ బాబాయ్ జేబులో నూనెగుడ్డ పక్కన పెట్టుకు తెచ్చాడు, కాగితం నిగనిగలాడుతోంది.

ఆ జిడ్డు నాది కాదు తల్లీ, నీదే. నీ ట్యాంకుల అడుగున డీజిలు ఏళ్ళ తరబడి పేర్చిపెట్టిన మురికి. నా నూనెకు ఒక గుణం ఉంది, పోసిన చోటల్లా కడిగేస్తుంది. కడిగిందంతా వెళ్ళి ఫిల్టర్లలో ఇరుక్కుంది. ఇంకొక్కసారి ఫిల్టర్లు మార్చు, ఆ తర్వాత ఒక్క బండి ఆగితే నా పేరు మార్చి పిలువు. ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను. లెంపలేసుకున్నాను. చాలా, ఇంకా గట్టిగా వేసుకోనా?

అయినా నా నూనెను నువ్వు అనుమానించడమేమిటి? అది చేశాక నీళ్ళతో రెండుసార్లు జాడిస్తాం. మొదటిసారి తెల్లటి నురగ వస్తుంది, రెండోసారికి తేటపడుతుంది. ఈ పద్ధతి నాకు ఎవరు నేర్పారనుకున్నావు? చిన్నప్పుడు పెరట్లో నా స్కూలు గౌను ఉతుకుతూ, "రెండోసారి జాడించకపోతే ఉతికినట్టే కాదే" అని నా నెత్తి మీద మొట్టికాయ వేసిన మేస్త్రీయే.

అలాంటివాడికి ఉతకడం రాదని నలుగురిలో అన్నావా వదినా? వాడు ఏమీ అనలేదా? అన్నయ్య ఊరుకున్నాడంటేనే నాకు దిగులుగా ఉంది. నువ్వు వాడితో కాస్త మంచిగా ఉండు. కావాలంటే ఆ మిగిలిన కోపం నాకు పంపు, ట్యాంకరులో చోటుంది.

నీ మరదలు


బండ్ల షెడ్డు నుంచి,
సోమవారం

మరదలా,

ఫిల్టర్లు మార్చాం. బండ్లు ఇప్పుడు లేడిపిల్లల్లా పోతున్నాయి. సైలెన్సర్లోంచి నల్లపొగ లేదు. మా పాటల డ్రైవరు, వాడు నిద్రలో కూడా కూనిరాగం తీస్తాడు, "అక్కా, నా ఖద్దరు చొక్కా సాయంత్రం కూడా తెల్లగానే ఉంటోంది" అని మురిసిపోతున్నాడు. నీకు ఒక మెప్పు, తీసి దాచుకో.

ఇప్పుడు కొత్త గొడవ. దుప్పట్లు వేపుడు వాసన వేస్తున్నాయి!

నవ్వకు. హోటల్లో ఒకావిడ కిందికి ఫోన్ చేసి, తన పక్కలో ఎవరో బంగాళాదుంపలు వేయిస్తున్నారని చెప్పిందట. డాక్టరు పథ్యం పెట్టిన పెద్దాయనొకడు రెండు రోజులు ఓర్చుకుని, మూడోనాడు దుప్పటి చుట్టబెట్టి గది బయట పారేశాడట. మేనేజరు మా ఓనరుగారి మీద, ఓనరుగారు మా మీద.

నాకు మాత్రం తెలుసు ఎక్కడినుంచి వస్తోందో. ఉతుకు హాల్లో మధ్యాహ్నం వాళ్ళంతా ఇస్త్రీ బల్లల మీదే పొట్లాలు విప్పుకుని తింటారు. ఆ మాటే మీ అన్నయ్యతో అన్నాను. "మా వాళ్ళు బల్లల మీద తినరు, నీ బండ్లే వంటగదుల్లా కంపు కొడుతున్నాయి" అన్నారు. "నా బండి పొగ బయటికి పోతుంది, లోపలికి రాదు. ఆ మాత్రం తెలియదా" అన్నాను. ఇక మూతి ముడిచారు. రెండు రోజుల్నుంచి మా ఇంట్లో మాటలన్నీ గోడతోనే. "కూరలో ఉప్పు తక్కువైంది" అని ఆయన గోడకు చెబుతారు. "ఉప్పు డబ్బా చేతికందే దూరంలోనే ఉంది" అని నేనూ గోడకే చెబుతాను. పాపం ఆ గోడ.

ఇంట్లోనే ఇంత గొంతు చించుకునే మనిషి, ఆఫీసులో ఓనరుగారి చెవిలో నా మీద ఎంత ఊదుతున్నారో. మొన్న ఇద్దరూ మెట్ల దగ్గర నిలబడి గుసగుసలాడుతుంటే చూశాను. నన్ను చూసి ఆపేశారు. అది మాత్రం నాకు బాధగా ఉంది. నీకు కాబట్టి చెబుతున్నాను.

నీ నూనె అంతా బాగానే ఉంది కదా?

వదిన


నూనె షెడ్డు నుంచి,
శుక్రవారం

వదినా,

పథ్యం పెద్దాయన సంగతి చదివి మా వాళ్ళందరం పని ఆపి నవ్వుకున్నాం.

ఇక్కడ అంతా బాగానే ఉంది. రోజూ మాకు నూనె ఇచ్చే కాలేజీ క్యాంటీనుకు సెలవులు, అందుకని కొత్తచోటు నుంచి తెస్తున్నాం. పని తొందరగా ఉంది, ఎక్కువ రాయలేను. అన్నయ్యకు నా మాటగా చెప్పు, గోడతో కాదు, నాతో మాట్లాడమని.

మరదలు


బండ్ల షెడ్డు నుంచి,
బుధవారం

ఏమే,

చేపలు!

నిన్న హోటలు నుంచి ఒక వ్యాను దుప్పట్లు వెనక్కి వచ్చాయి. మేనేజరు మాటలు పంపలేదు, దుప్పట్లే పంపాడు. తలుపు తీయగానే షెడ్డు గోడ మీది పిల్లులన్నీ లేచి నిలబడ్డాయి. సాయంత్రం ఇంటికెళ్తే, మాటలు మానేసిన మీ అన్నయ్య నా వంక చూసి, "ఇవాళ చేప" అని ఒక్క ముక్క అని తువ్వాలు ముక్కుకు కట్టుకున్నారు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకంటే ఓనరుగారు నెలాఖరుదాకా ఆగకుండా ఇప్పుడే తేల్చేశారు. ఒకటో తారీకు నుంచి ఉతుకు హాలుకు వేరే లాండ్రీ నుంచి కొత్త మాస్టరు వస్తున్నాడు. మీ అన్నయ్య గోడౌనుకి. అందరికీ చెప్పేశారు. మీ అన్నయ్య ఇవాళ పెద్ద మిషన్లన్నిటికీ తనే నూనె పెట్టి, తుడిచి, ఒక్కోదాని మూత మీద చెయ్యేసి నిలబడ్డారట. ఇస్త్రీ ఆవిడ వచ్చి చెప్పి కళ్ళు తుడుచుకుంది.

నువ్వు కిందటి ఉత్తరంలో నాలుగు ముక్కలు రాసి పరుగెత్తావు. నీ నోరు ఎప్పుడు అంత చిన్నదైంది? కొత్తచోటు అంటే ఏ చోటు? నిజం రాయి.

వదిన


నూనె షెడ్డు నుంచి,
శుక్రవారం

గౌరవనీయులైన వదినగారికి,

మిమ్మల్ని "నువ్వు" అనే ధైర్యం ఇవాళ లేదు.

కొత్తచోటంటే రేవు దగ్గర చేపలు వేయించే కొట్లండీ. నూనె దండిగా ఇస్తామన్నారు, ఆశపడ్డాను. మీ ట్యాంకరుకు వేళ మించిపోతోందని రెండో జాడింపు ఎగ్గొట్టాను. అన్నయ్య మొట్టికాయ గుర్తొచ్చింది, అయినా ఎగ్గొట్టాను. బండికి నష్టమేమీ ఉండదు, వాసన ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. పిల్లులు పట్టించుకుంటాయని తట్టలేదు. ఇక ఆ కొట్ల వైపు తొంగి చూడను. క్యాంటీను మళ్ళీ తెరిచారు, ఇవాళ పంపినది రెండుసార్లు జాడించిన నూనె.

ఇంతవరకు తప్పు నాది. ఇక నుంచి మళ్ళీ నువ్వే.

ఇస్త్రీ బల్లల మీద ఎవరూ చేపలు తినలేదు వదినా. ఊరు మొత్తం మీద మీ కంపెనీలో చేప ఉన్నది ఒక్కచోటే, నీ బండి ట్యాంకులో. ట్యాంకులో బంగాళాదుంప ఉన్నప్పుడు దుప్పట్లలో బంగాళాదుంప. ట్యాంకులో చేప వచ్చిన వారం దుప్పట్లలో చేప. ఆ వాసన పొగలోంచి కాక ఇంకెక్కడినుంచి వస్తుంది? బయటికి పోవాల్సిన పొగ నీ దుప్పట్లు పెట్టే డబ్బాలోకే వస్తోంది. ఎలా వస్తోందో నాకు తెలియదు. నువ్వే వెళ్ళి ఆ డబ్బాలో కూర్చుని చూడు.

అన్నయ్యను గోడౌనుకు పంపకముందే చూడు, నీకు పుణ్యముంటుంది.

మీ, కాదు, నీ మరదలు


బండ్ల షెడ్డు నుంచి,
సోమవారం

మరదలా,

కూర్చున్నాను.

పాటల డ్రైవరును పిలిచి, నన్ను వెనక డబ్బాలో దుప్పటి మూటల మీద కూర్చోబెట్టి తలుపు బిగించమన్నాను. "అక్కా, ఊపిరాడకపోతే గోడ మీద కొట్టు" అన్నాడు. బండి కదిలింది. చీకట్లో కళ్ళు కుదురుకునేసరికి, తలుపు కింది అంచున ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెలుతురు గీత కనబడింది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఎండి, పెళుసుబారి, అక్కడ ఎప్పుడో రాలిపోయింది. సరిగ్గా దాని కిందే సైలెన్సరు మూతి. బండి వేగం అందుకోగానే పొగ ఎవరో లోపలికి పీల్చినట్టు వచ్చేసింది. దిగి ఇంటికి నడుస్తుంటే వీధికుక్క ఒకటి తోక ఊపుకుంటూ గేటుదాకా సాగనంపింది.

మిగతా బండ్లన్నీ చూశాను. అన్నిటికీ అంతే. నేను ఇంజన్లు చూస్తాను, టైర్లు చూస్తాను, బ్రేకులు చూస్తాను. తలుపు రబ్బరు ఏనాడూ చూడలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఇంకో ఆలోచన వచ్చింది. నీ నూనె పొగ లోపలికి వస్తుంటే, ఇన్నేళ్ళూ డీజిలు పొగ రాలేదా? కొత్త దుప్పటి ఒకటి తెచ్చి రెండు ముక్కలు చేశాను. ఒక ముక్క డీజిలు బండిలో, ఇంకోటి నీ నూనె బండిలో కట్టాను. అవి వాటి తిరుగుడు తిరిగి వచ్చాక, మీ అన్నయ్య చూసినట్టే అంచు పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాను. నీ ముక్క తెల్లగా ఉంది, వేపుడు వాసన వేస్తోంది. డీజిలు ముక్క బూడిదరంగు తిరిగింది. దాని వాసన నాకు అసలు తెలియనే లేదు. తెల్లారి లేస్తే ఆ పొగలోనే ఉంటాను కదా, ముక్కు మొద్దుబారిపోయింది.

అంటే ఇన్నేళ్ళూ మీ అన్నయ్య చెప్పిందే నిజం. మల్లెపువ్వుల్లాగే పంపారు.

ఇప్పుడు నీతో తప్ప ఎవరితోనూ అనలేని మాట. రబ్బరు పట్టీలు ఎంతలో పని? మా కుర్రాళ్ళు రేపటికల్లా బిగించేస్తారు. ఎవరికీ తెలియదు. వాసనా పోతుంది, బూడిదా పోతుంది, నీ నూనే నిలుస్తుంది. బయటపెట్టానో, ఓనరుగారు బండ్లన్నీ కాంట్రాక్టుకిచ్చి షెడ్డుకు తాళం వేసినా వేస్తారు. ఎప్పటినుంచో ఆ మాట అంటూనే ఉన్నారు. ఏం చెయ్యమంటావో రాయి.

వదిన


నూనె షెడ్డు నుంచి,
మంగళవారం

వదినా,

ట్యాంకర్ బాబాయ్‌ని ఖాళీగా తిప్పి పంపుతున్నాను. నూనె లేదు, ఈ ఉత్తరమే సరుకు. ఇంత పెద్ద బండిలో ఇంత చిన్న కాగితమా అని ఆయన గొణుగుతున్నాడు.

రబ్బరు మార్చి ఊరుకున్నావే అనుకో. ఒకటో తారీకున కొత్త మాస్టరు వస్తాడు. అతను అడుగుపెట్టిన రోజే దుప్పట్లు తెల్లబడతాయి. ఆహా ఏం చెయ్యి, ఏం ఉతుకు అని ఊరంతా అతన్ని పొగుడుతుంది. అన్నయ్య గోడౌన్లో గలీబులు లెక్కపెడుతూ అది వింటాడు. తనకే చేతకాలేదని నిజంగా నమ్మేస్తాడు వదినా. అది నేను భరించలేను. నువ్వసలే భరించలేవు.

షెడ్డు పోతే ఇక్కడికి వచ్చెయ్. నూనె జాడించడం నేర్పుతాను. మొట్టికాయలు మాత్రం తప్పవు.

మరదలు


ఇంటి నుంచి,
ఆదివారం

బంగారు మరదలికి,

ఈసారి దీవెనలే ముందు. చల్లగా ఉండు.

నీ ఉత్తరం చదవకముందే వెళ్దామని చీర మార్చుకున్నాను, చదివాక పరుగెత్తాను. ఓనరుగారి గదిలో హోటలు మేనేజరు కూడా ఉన్నాడు. మంచిదే అయింది. మీ అన్నయ్యను పిలిపించమన్నాను. ఇస్త్రీ ఆవిడ, డ్రైవర్లు తలుపు దగ్గర మూగారు. దుప్పటి ముక్కలు రెండూ కిటికీకి అడ్డంగా పట్టుకుని చెప్పాను. "మీటింగులో ఉతుకు సరిగ్గా లేదన్నాను. తప్పు. ఉతుకు బంగారంలా ఉంది. నా బండ్ల తలుపులు పొగను లోపలికి రానిస్తున్నాయి, దుప్పట్లు దారిలో మాసిపోతున్నాయి. పట్టీలు బిగించాక పొగ రాదు, నూనె బండ్లతో మసి అసలే రాదు. లోపం షెడ్డుది, షెడ్డు నాది."

ఓనరుగారు కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి మీ అన్నయ్య వంక తిరిగారు.

"అదేమిటయ్యా! బండ్ల వల్ల ఏమైనా మాస్తున్నాయా అని నేను నిన్ను ఎన్నిసార్లు అడిగాను? మొన్న మెట్ల దగ్గర కూడా అడిగాను కదా! బండ్లు అద్దంలా ఉంటాయండీ, నీళ్ళలోనే ఏదో ఉంది అని నువ్వు అంటేనే కదా నేను నీళ్ళు పరీక్షకు పంపింది!"

విన్నావా మరదలా? ఇంట్లో నా చెవులు తూట్లు పడేలా "నీ బండ్లే, నీ బండ్లే" అన్న మనిషి, ఆఫీసులో ఒక్కనాడూ ఆ మాట అనలేదు. నేను ఆయన్ని నలుగురిలో అన్నప్పుడు కూడా అనలేదు. గోడౌనుకు పొమ్మన్నా అనలేదు. అదీ ఆ మెట్ల దగ్గర గుసగుస. నేనేమో ఆయన నా మీద ఊదుతున్నారని నీకు రాశాను. ఆ ఉత్తరం చించెయ్.

మీ అన్నయ్య నేల చూపులు చూస్తూ, "నీళ్ళు కూడా కొంచెం ఉప్పగానే ఉంటాయి సార్" అని గొణిగారు. మేనేజరుకు నవ్వాగలేదు.

ఇంటికొచ్చాక నిలదీశాను. అక్కడ ఎందుకు చెప్పలేదండీ అని. "చెబితే షెడ్డు తీసేసేవాడు. నువ్వు రోజంతా ఇంట్లో కూర్చునేదానివి. నీతో పగలు కూడా ఎవడు వాదిస్తాడు?" అన్నారు. తిడదామని నోరు తెరిచి ఏడ్చేశాను. ఆయన కంగారుపడి తువ్వాలు అందించారు. దాని అంచు కూడా వెలుతురుకు ఎత్తి చూసి మరీ ఇచ్చారు.

కొత్త మాస్టరును రావద్దన్నారు. మీ అన్నయ్య హాల్లోనే ఉన్నారు. పట్టీలన్నీ బిగించాం. దుప్పట్లు మా దగ్గరే ఉతికించడానికి హోటలు మేనేజరు ఒప్పుకున్నాడు. మిగతా బండ్లకు కూడా నీ నూనే. షెడ్డుకు తాళం పడలేదు, కానీ తలుపు రబ్బర్లు రోజూ నేనే తడిమి చూడాలని ఓనరుగారి ఆజ్ఞ. పథ్యం పెద్దాయన మాత్రం, ఆ పాత దుప్పటి ఏమైందని అడిగాడట.

నీ వదిన

చెల్లాయ్,

మీ వదిన ముక్కు చీదుకోవడానికి లేచింది, ఆ సందులో రాస్తున్నాను. వాదన నేనే గెలిచానని ఆవిడ అందరి ముందూ ఒప్పుకుంది. గెలిచిన దగ్గర్నుంచి ఇంట్లో ఏమీ తోచడం లేదు. నిన్న భోజనం దగ్గర ఇద్దరం ఎంతసేపు చూసినా మాట దొరకలేదు. చివరికి కూరలో ఉప్పు తక్కువైందన్నాను. డబ్బా చేతికందే దూరంలోనే ఉందంది. అప్పుడు ప్రాణం కుదుటపడింది.

నూనె రెండుసార్లు జాడించు.

అన్నయ్య